ఫిబ్రవరి మాసంలో ఊర లేనివారు

పాఠకులారా, మీ ఊరి జనాభా ఎంతో మీకు తెలుసునా? పంచాయతీ గుమాస్తాకు తప్ప మరెవరికీ పట్టని ప్రశ్న ఇది అని తోచవచ్చును. కాని ఎరువుల లారీ మీ ఊరి నడుమకు వచ్చునా, పెద్ద రోడ్డు మీదనే సరకు దింపి పోవునా అన్నది చాలవరకు ఆ అంకె మీదనే ఆధారపడి ఉన్నది.

1974లో ఐదవ పంచవర్ష ప్రణాళికతో వచ్చిన కనీస అవసరాల కార్యక్రమం 1,500 జనాభా గల గ్రామాల రోడ్లనే తలపెట్టినది. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆ హద్దును మైదాన ప్రాంతాలలో 500కు, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాలలో 250కి దించినది. అది గొప్ప మేలే. 2024లో ఆమోదం పొందిన నాల్గవ దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయవలెనని సంకల్పం. ఈ దశలో అర్హతకు 2011 జనగణనయే ఆధారం.

నా అభ్యంతరం ఆ హద్దుతో కాదు, లెక్కించే మాసంతో. 2011 గణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు సాగినది. ఆ రోజులన్నింటిలోను ఊర లేనివారిని ఇంటివారితో కలిపి వ్రాయరు. ఎక్కడ కనిపించిన అక్కడనే వ్రాయుదురు. ఒక మనిషిని రెండు చోట్ల లెక్కించరాదు గనుక జనగణనకు ఆ నియమం సరియైనదే. కాని ఫిబ్రవరిలో మెట్టపల్లెలలో మిగిలి ఉండేవారెవరు? పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు ముందుగా అడ్వాన్సు పుచ్చుకొని, దసరా దాటిన పిమ్మట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఇటుక బట్టీలకు పిల్లలతో సహా తరలివచ్చును. వానల ముందు గాని తిరిగి పోవు. పాలమూరు వారికి వలస సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 540 మంది గల పల్లెలో పన్నెండు కుటుంబాలు బట్టీకి పోయినచో కాగితం మీద ఆ పల్లె 500కు లోబడును. రోడ్డు లేనందున ఊర పని తగ్గును. పని లేనందున జనం పోవుదురు. జనం పోయినందున రోడ్డు రాదు.

దీని భారం ఋణగ్రహీతకు బాగుగా తెలియును. గేదె కొన్నాడు, పాలు పితికినాడు, కాని వానకాలం బండిబాట బురదలో పాలవ్యాను ఊరి పొలిమేర దాటి రాదు. పాలు విరుగును గాని వాయిదా ఆగదు. ఇక డీలరు మాట. యూరియా బస్తాపై అచ్చువేసిన ధర పట్నానికి, పల్లెకు ఒక్కటే. చివరి మూడు కిలోమీటర్ల ట్రాక్టరు కిరాయి, రెండవ మారు హమాలీ ఎవరు భరించవలెను? డీలరు భరించినచో అతని లాభం పోవును. రైతు నెత్తిన వేసినచో అచ్చువేసిన ధరకు అర్థమే లేదు.

2021లో జరుగవలసిన గణన జరుగలేదు. తరువాతి గణనకు, మంచు ప్రాంతాలు మినహా, 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా 2025లో ప్రకటించినారు. అనగా మరల ఫిబ్రవరియే. జనగణన తన పద్ధతిని మార్చుకొనవలెనని నేననను. రోడ్డుకు అర్హత చూచే అధికారులు మాత్రం ఆ ఒక్క అంకెతో సరిపెట్టరాదు. రేషను కార్డులు, ఓటర్ల జాబితా చూచి, ఋతువు మారగానే తిరిగి వచ్చేవారిని ఆ ఊరివారిగానే ఎంచవలెను.

చాలమందికి తెలియని నిబంధన ఒకటి ఉన్నది. ఈ పథకం లెక్క రెవెన్యూ గ్రామానిది కాదు, ఆవాసానిది. మైదానంలో 500 మీటర్ల పరిధిలోని ఆవాసాల జనాభాను కలిపి చూచేందుకు పథకం మొదటి మార్గదర్శకాలే వీలు కల్పించినవి. మీ పల్లె, ప్రక్కనున్న తండా ఆ పరిధిలో ఉన్నచో వేరువేరుగా అర్జీలు పెట్టి రెండూ పోగొట్టుకొనకుడు. గ్రామసభలో కలిపి తీర్మానించుడు. ఆ తీర్మానానికి డీలర్లు ఒక కాగితం జత చేయగలరు. ఏటా ఆ పల్లెకు ఎన్ని బస్తాలు పోయినవో మీ అమ్మకపు రిజిస్టరులో ఉన్నది కదా.