పిల్లవాని పేరేమి?

బెజవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు త్రోవలు నాలుగును హనుమాన్ జంక్షనులో కలియును. మన పట్టణముల కూడళ్లన్నిటివలెనే వేసవి వచ్చినచో అదియు కళాశాలల ప్రకటన పలకలతో నిండును. పలకపై పిల్లల మొగములు చిన్నవి, మొగము క్రింది అంకెలు పెద్దవి. ఆ అంకెను నమ్మి మనవారు పదునైదేండ్ల బిడ్డను బెజవాడ శివారు హాస్టలునకు అప్పగించి వచ్చుచున్నారు. అచ్చట వారమునకొక పరీక్ష, పరీక్షకొక సెక్షను మార్పు. నిన్న ప్రక్క బల్లపై కూర్చున్న స్నేహితుడు నేడు పైవాడు, వీడు క్రిందివాడు. నేనెవడనను ప్రశ్న లోలోన పుట్టు ప్రాయమది. దానికి గోడమీది మార్కుల పట్టికయే ఉత్తరము చెప్పుచున్నది. దీనిని విద్య యనుటకు మాకు నోరు రాదు.

అంకెయే మనిషి యైనచోట అంకె తప్పిన మనిషికి నిలువనీడ లేదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక బాలికకు 99కి బదులు సున్న పడి, పిదప దిద్దబడెను. ఫలితముల తయారీలో పొరపాట్లు దొర్లినవని ప్రభుత్వము నియమించిన సంఘమే తేల్చినది. యంత్రము తప్పిన దందము. ‘నీవా మార్కువు కావు, నాయనా’ అని మన పిల్లలకు తరగతిలో చెప్పు గురువెచ్చట?

గురువున కది సాధ్యము కాదనువారు మన జిల్లానే యెఱుగరు. బందరు హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులు. నందమూరు కుఱ్ఱవాడు విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు శిష్యుడు. గురువు అవధానములతో ఆంధ్రదేశమును మెప్పించినవాడు. శిష్యుని త్రోవ వేఱు. పాటలు వ్రాసెను, నవలలు వ్రాసెను, 1970 సంవత్సరపు జ్ఞానపీఠమును తెలుగునకు తొలిసారి తెచ్చెను. శాస్త్రిగారు తమ నకలును తయారు చేయలేదు. రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర పరప్రభుత్వోద్యోగి. అయినను దామెర్ల రామారావు చేతిలోని కుంచెను కనిపెట్టి బొంబాయి చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. అడివి బాపిరాజునకును ఆయనే గురువు. పరదేశి చూడగలిగినదానిని మన పంతులు చూడలేడా?

కూడలి స్వామికి ఆకుపూజలు చేయుదుము గాని జాంబవంతుని మఱచితిమి. సముద్రతీరమున వానరులెల్ల నే నిన్ని యోజనములు దాటగల నని లెక్క చెప్పుకొనుచుండగా (అదియు నొక ర్యాంకుల పట్టికయే!), మాటాడక కూర్చున్నవాని బలమును వానికి తెలిపినవాడు ఆ ముదుసలి. అంగదునితో పోల్చి సిగ్గుపఱచలేదు.

మన బడులలో సిగ్గుపఱచుటయే పద్ధతి. 2009లో మైదుకూరులో తెలుగు మాటాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాటాడనని వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరి. అమ్మ మాట నేరమైనచో పిల్లవాడు ఇంటిలో నెవడు, బడిలో నెవడు?

కౌలురైతు బిడ్డకు ర్యాంకు గాక దిక్కేమని తలిదండ్రు లడుగుదురు. త్రోసివేయదగిన మాట కాదు. వరి కౌలులో మిగులునదెంతో ఈ డెల్టా యెఱుగును. ర్యాంకు రావలసినదే, దానిని తెచ్చుకొను మనిషియు మిగులవలెను గదా!

ఉపాధ్యాయులారా, పట్టికను గోడమీద అంటింపకుడు. ఎవరి మార్కు వారి చేతికే యిండు. పిల్లవానిని పేరుతో పిలువుడు, కులముతో గాని సెక్షనుతో గాని కాదు. నిరుడు ఇంజనీరగుదునన్న బాలిక నేడు కాననినచో ఎగతాళి చేయక, ఎందుకమ్మా యని యడుగుడు. వారమున కొక్క పీరియడు తన ఊరి కాలువనుగూర్చియో, అమ్మమ్మ పనినిగూర్చియో సొంత మాటలలో వ్రాయనిండు. ఆ వ్రాతకు మార్కు వేయక, చదివి రెండు మాటలు బదులు వ్రాయుడు. ఎనుబదిమంది తరగతిలో ఇది పొసగదందురు, నిజమే. ఆ యెనుబదిని నలుబది చేయుమని యాజమాన్యమును ముందడుగవలసినవారు మీరే; మీ వెనుక జీతము కట్టు తలిదండ్రులు. జూనులో బిడ్డను చేర్పబోవువారు ర్యాంకుల మాట తరువాత, తరగతికెందఱు పిల్లలని ఆఫీసు కిటికీయొద్ద అడిగి రండు.