పాఠ్యపుస్తకమునకు ఆవల

మన విద్యార్థులకు తెలుగు ఇంట వినబడును, తరగతిగదిలో కనబడును. ఈ రెండు చోట్లు దాటినచో అంగడి పలకమీద గాని బస్సుమీద గాని తెలుగు అక్షరము కానరాదు. ధర్మపురి సీమలో ఇది సహజమే. కాని దీనివలన ఒక చిక్కు కలదు. పాఠ్యపుస్తకమును మూసిన నాటితో తెలుగు చదువుటయు ముగిసిపోవుచున్నది. మాట నిలుచును, అక్షరము జారిపోవును.

2006వ సంవత్సరపు చట్టముచే ఈ రాష్ట్రమున తమిళము తప్పనిసరి పాఠ్యభాష యైనది. అది ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క తరగతి పైకి సాగి, 2015-16లో పదవ తరగతిని చేరినది. తమిళము మనము శ్రద్ధతో నేర్వవలసినదే; మనకు అన్నము పెట్టు నేల భాష యది. అయితే తెలుగు చదువుటకు మార్కులు తప్ప వేరొక కారణము పిల్లలకు దొరకనిచో, మార్కుల అవసరము తగ్గిన నాడే తెలుగు వెనుకబడును. ఆ వేరొక కారణము మంచి పుస్తకములు చదువుటవలన కలుగు ఆనందమే యని నా దృఢాభిప్రాయము.

తల్లిదండ్రులలో కొందరు “కథల పుస్తకములకు మార్కులు వచ్చునా?” అని అడుగుదురు. నేరుగా రావు. కాని ఇష్టముతో రెండు వందల పుటలు చదివిన పిల్లవాడు ప్రశ్నపత్రమును చూచి బెదరడు. తన మాటలలో ఒక పుట వ్రాయుటకు జంకడు. బలవంతమున బట్టీపట్టిన వానికి ఈ ధైర్యము రాదు.

ఇక ఏది ముందు చదువవలెను? విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ మొదట చదువుమని చెప్పువారు కలరు. అది గొప్ప నవలయే. కాని పదమూడేండ్ల బాలునికి అది కొండ. కొండ నెక్కుటకు ముందు కాళ్లకు బలము రావలెను. కావున మొదట నవ్వించు పుస్తకము నిత్తును. అది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’. దీని మొదటి భాగము 1924 ప్రాంతమున వచ్చినది. మొగల్తూరి కుర్రవాడు పార్వతీశము బారిష్టరు కావలెనని ఇంగ్లండుకు బయలుదేరి, తన అమాయకత్వమును తానే చెప్పుకొనును. ఊరు విడిచి క్రొత్తచోటికి పోయి తికమకపడిన ప్రతివాడును ఇందులో తన్ను తాను చూచుకొనును.

రెండవది డాక్టరు కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’. చిన్న నవల. ఒక ముసలివాడు, ఈనిన పంది, ఒక రాత్రి, ఒక అడవి: ఇంతే కథ. చివర ఏమగునో చెప్పను, చదివి తెలిసికొనుడు. ఈ రచయిత చిత్తూరు జిల్లాలో పుట్టినవారు. వృత్తిచే కుష్ఠురోగులకు చికిత్స చేసిన వైద్యులు. ఆ జిల్లావారే యగు నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు తమ బాల్యమును ‘పచ్చనాకు సాక్షిగా’ అను పుస్తకమున తమ ఇంటి భాషలోనే చెప్పిరి.

ఈ చిత్తూరు పుస్తకములు మనకు మిక్కిలి అవసరము. 2004 వరకు మన జిల్లాలో భాగముగా నుండిన కృష్ణగిరి సీమకు చిత్తూరు సీమ పొరుగు. నేను ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మన యాసను విని “ఇది తెలుగేనా?” అని నవ్వినవారు కొందరుండిరి. మన పిల్లలకును ఎప్పుడో యొకప్పుడు ఆ నవ్వు ఎదురుకావచ్చును. పల్లెమాట అచ్చులో నిలిచి, పండితులచే ప్రశంసింపబడుట చూచిన పిల్లవాడు ఆ నవ్వునకు తలవంచడు. తన అవ్వ పలుకు మాట తప్పు కాదని వాడెరుగును.

మూడవ మెట్టు ఆత్మకథలు. టంగుటూరి ప్రకాశంగారి ‘నా జీవితయాత్ర’లో బాల్యభాగమును ప్రతి విద్యార్థియు చదువవలెను. ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లలను పోషించినది. ఆ యింటి బాలుడే 1946లో మదరాసు రాష్ట్ర ప్రభుత్వమునకు నాయకుడై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. తిరుమల రామచంద్రగారి ‘హంపీ నుంచి హరప్పా దాక’ పెక్కు భాషలను ప్రేమించిన వాని యాత్ర. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు అది తగిన తోడు.

పదవ తరగతి దాటినవారికి ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని చెప్పుదును. దళిత కుటుంబమును కథకు నడుమ నిలిపిన ఈ నవల 1922లో రాయవేలూరు చెరసాలలో రూపొందినది. నాటి మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. అనగా తెలుగు నవలలలో మేటి యగునది మన తమిళదేశమందే పుట్టినది!

చివరకు ఒక జంట. విశ్వనాథవారి ‘ఏకవీర’ మధుర నాయకరాజుల కాలపు కథ. తమిళ నగరమును గూర్చిన తెలుగు నవల. కి. రాజనారాయణన్‌గారి ‘గోపల్ల గ్రామం’ (1976) తెలుగుదేశము విడిచి దక్షిణమునకు వలసవచ్చిన మనవంటివారిని గూర్చిన తమిళ నవల. దాని తరువాయి కథకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఈ రెండింటిని మూలములోనే చదువగల భాగ్యము విజయవాడ పిల్లవానికి లేదు, మధుర పిల్లవానికి లేదు, మీకు కలదు. దానిని పోగొట్టుకొనకుడు.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. మీలో తెలుగు మాట్లాడగలిగియు చదువలేనివారు పలువురు కలరు. దానికి సిగ్గుపడ నక్కరలేదు. రాత్రి భోజనమైన పిదప మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఐదు పుటలు బిగ్గరగా చదివించి వినుడు. బిడ్డకు తెలియని పల్లెమాట మీకు తెలియును. మీకు తెలియని అక్షరము బిడ్డకు తెలియును. ఈ వేసవి సెలవులలో ఇంటికొక పుస్తకము ఇట్లు పూర్తియైనను చాలును. రెండవ పుస్తకమును పిల్లలే అడుగుదురు.