చదువు ముగిసిన పిమ్మట చెలిమి

కళాశాలలో స్నేహాన్ని వెదకనక్కరలేదు. ఒకే బల్ల, ఒకే బస్సు దానిని సమకూరుస్తాయి. చదువు ముగించి ధర్పల్లికి తిరిగివచ్చిన యువతీయువకులకు ఆ వసతి ఉండదు. తోటివారు కొందరు హైదరాబాదుకు, కొందరు గల్ఫు దేశాలకు తరలిపోతారు. ఊరిలో ఈడువారు లేరని మిగిలినవారు ఫోనుతో కాలక్షేపం చేస్తారు. అమ్మాయిలకైతే గడప దాటే వీలే తక్కువ. కాని ఈడు చూసి నేస్తాన్ని ఎంచుకోవడం తరగతిగది చేసిన అలవాటు మాత్రమే. 1948లో నిజామాబాదు జైలులో దాశరథికి తోడైన వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకంటె పదేండ్లు పెద్దవారు. కళాశాల మెట్లెక్కినవారు కారు, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మినవారు. తన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ధర్పల్లి పసుపు కళ్లాల వద్ద అటువంటి అనుభవజ్ఞులకు కొదవలేదు. ముందుగా పలకరించవలసినవారు మాత్రం చదువుకున్నవారే.