చవక పానా ఎవరి చెయ్యి విరుస్తుంది?



మొన్నీమధ్య షోలాపూర్‌లో ఒక డైయింగ్ కార్ఖానాలో నాలుగంగుళాల నీటి పైపు సాకెట్ విప్పుతూ మన హెల్పర్ ఒకడు స్టూలు మీది నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఆ కార్ఖానా పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మిగతా సేట్లంతా "అది వాళ్ళ సంగతి, మన దగ్గర అట్లా లేదు" అని చేతులు దులుపుకుంటారు. నిజానికి అందరి దగ్గరా అట్లాగే ఉంది.

జరిగింది ఇది. ఆ కార్ఖానా మొత్తానికి పెద్ద పైపు పానా ఒక్కటే ఉంది. ముప్పై ఆరు అంగుళాలది. దాని పళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ఒక పానాతో పైపుని పట్టుకుని, రెండో పానాతో సాకెట్‌ని తిప్పాలి. రెండోది లేదు. పానా జారుతున్నదని పిడికి అయిదడుగుల గొట్టం తొడిగారు. ఇద్దరు వేలాడి లాగారు. పళ్ళు పట్టు తప్పాయి. ఒకడు గోడకు తగిలి బతికిపోయాడు, ఇంకొకడు కింద పడ్డాడు. రిజిస్టర్‌లో ఏమి రాశారో తెలుసా? "కార్మికుని నిర్లక్ష్యం."

ఎవరి నిర్లక్ష్యం? మేము అడుగుతున్నాం. అరిగిన పానా ఇచ్చినవాడిదా, దానితోనే పని పూర్తిచెయ్యాలని గడియారం చూపించినవాడిదా, లేక పని పోతుందేమోనని భయపడి లాగినవాడిదా?

బోనస్ గురించి, డి.ఎ. గురించి రాయాల్సిన పత్రికలో పానా గురించి రాతలేమిటి అని కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. సేటుకి మిషన్లున్నాయి, షెడ్డుంది, బ్యాంకులో పరపతి ఉంది. మనకున్న ఆస్తి రెండు చేతులే. మణికట్టు విరిగినవాడికి బోనస్ ఎంతయితే ఏం, డి.ఎ. ఎంత పెరిగితే ఏం?

పెద్ద మిల్లులు నడిచిన రోజుల్లో మెకానిక్ ఖాతా అని వేరే ఉండేది. మేము మిల్లులో చేరిన కొత్తలో పానా కావాలంటే ఇత్తడి బిళ్ళ ఇచ్చి తీసుకోవాలి, సాయంత్రం పానా అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. పళ్ళు అరిగిన పానా ఇస్తే మిస్త్రీ స్టోర్ కీపర్ మీద అరిచేవాడు. ఆ మిల్లులు మూతపడ్డాయి. సాంచాలు, టవళ్ళ కార్ఖానాలు, డైయింగ్‌లు చిన్న చిన్న షెడ్లలోకి వచ్చాయి. పైపులు మాత్రం చిన్నవి కాలేదు. ఆవిరి లైను, రంగు నీళ్ళ లైను, మంటలు ఆర్పే నీటి లైను మూడంగుళాలు, నాలుగంగుళాలు, ఆరంగుళాలుగానే ఉన్నాయి. పోయినవి మెకానిక్ ఖాతా, ఆ మిస్త్రీ.

సేటు లెక్క, మన లెక్క

సేటుని అడిగితే చెప్పే జవాబు ఒకటే: "పెద్ద పానాలు ఖరీదు. చిన్న కార్ఖానా ఎక్కడి నుంచి తెస్తుంది?"

ఈ మాటలో సగం నిజముంది. నలభై ఎనిమిది అంగుళాల ఇనుప పైపు పానా ఖరీదే. పదిహేను కిలోల బరువు కూడా. దాన్ని నిచ్చెన మీద నిలబడి తలకంటే పైకెత్తి పట్టుకోమంటే మేమే వద్దంటాం. అయితే పెద్ద పైపుకి పెద్ద పైపు పానా ఒక్కటే దారి అని సేటుకి ఎవరు చెప్పారు? గొలుసు పానా అని ఒకటుందని ఆయనకు తెలియదా, తెలిసీ అడగలేదా?

పైపు పానా ఎట్లా పనిచేస్తుందో మన ఫిట్టర్లకు తెలుసు. దాన్ని తయారుచేసింది సేటు కాదు, అమెరికాలో డేనియల్ స్టిల్సన్ అనే మెకానిక్. 1869లో పేటెంట్ పొందాడు. పాత ఫిట్టర్లు కొందరు దాన్ని ఇప్పటికీ స్టిల్సన్ అనే అంటారు. దాని పై దవడ కొంచెం వదులుగా ఉంటుంది. పిడిని లాగినకొద్దీ పళ్ళు పైపులోకి దిగి పట్టు బిగుస్తుంది. పళ్ళు పదునుగా ఉన్నంతవరకే ఈ సూత్రం. పళ్ళు అరిగితే అది పానా కాదు, కడ్డీ.

పిడికి గొట్టం తొడిగితే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. మూడడుగుల పిడి చివర నలభై కిలోల బలంతో లాగితే పైపు మీద పడేది మూడు నలభైలు, నూట ఇరవై. గొట్టం తొడిగి పిడిని ఆరడుగులు చేస్తే అదే చేతులతో రెండు వందల నలభై. తయారుచేసినవాడు ఆ పానాని దాని పిడి పొడవుకే చేశాడు. రెట్టింపు భారం మోపితే పిడి వంగాలి, దవడ విరగాలి, పళ్ళు జారాలి. మూడింటిలో ఏది జరిగినా దెబ్బ పానాకి కాదు, లాగినవాడికి.

పెద్ద పైపుకి ఏ పానా?

మొదటిది, పైపు పేరు చూసి పానా కొనవద్దు. నాలుగంగుళాల పైపు అంటే లోపలి కొలత పేరు. బయట అది నాలుగున్నర అంగుళాలు. ఆరంగుళాలది బయట ఆరున్నర. మామూలుగా ఇరవై నాలుగు అంగుళాల పానా మూడంగుళాల పైపు వరకే పడుతుంది. ముప్పై ఆరుది అయిదు వరకు, నలభై ఎనిమిదిది ఆరు వరకు పడుతుంది. పడుతుందంటే దవడ అంతవరకు తెరుచుకుంటుందని అర్థం. ఆఖరి మర వరకు తెరిచి రోజూ పని చేయించమని కాదు.

రెండోది, నాలుగంగుళాలు దాటిన ఇనుప పైపుకి గొలుసు పానా అడగండి. ఒక పిడి, చివర పళ్ళున్న దవడలు, పైపు చుట్టూ తిప్పి దవడకు తగిలించే గొలుసు. ఇంతే. మర లేదు, మర అరగడం లేదు. గొలుసు పైపు చుట్టూ పట్టుకుంటుంది కనుక పలచటి పైపు నొక్కుకుపోయే భయం తక్కువ. గోడకీ పైపుకీ మధ్య గొలుసు దూరే సందు ఉంటే చాలు. రెండు వైపులా పళ్ళున్న రకమైతే విప్పడానికీ బిగించడానికీ అదే. అదే పైపుకి పట్టే పెద్ద పైపు పానాకంటే బరువూ తక్కువ, ధరా తక్కువ. సేటు వెతుకుతున్న చవక ఇదే. అంగడిలో ఉంది, అడిగేవాడే లేడు.

గొలుసు పొడవు చూసుకోండి. ఒక దారం తీసుకుని పైపు చుట్టూ తిప్పి కొలవండి. నాలుగంగుళాల పైపుకి పద్నాలుగు అంగుళాలకు పైగా వస్తుంది, ఆరంగుళాల పైపుకి ఇరవైకి పైగా. గొలుసు అంతకంటే పొడవుండి దవడకు తగిలేటట్టు ఉండాలి. మన సాంచాల వాళ్ళకు దారం కొలత ఒకరు నేర్పాలా?

మూడోది, ప్లాస్టిక్ పైపుకి, ఇత్తడికి, డైయింగ్‌లోని స్టీలు పైపుకి పళ్ళున్న పానా పెట్టవద్దు. ఇనుప పళ్ళు గీరిన చోట స్టీలు కూడా తుప్పు పడుతుంది. వాటికి పట్టీ పానా ఉంది. ఖర్చు ఇంకా తక్కువ. పట్టీకి నూనె తగిలితే మాత్రం జారుతుంది.

నాలుగోది, గుర్తు చూసి కొనండి. పైపు పానాకి ఐ.ఎస్. 4003, గొలుసు పానాకి ఐ.ఎస్. 4123 అని మన దేశపు ప్రమాణాలున్నాయి. జలంధర్, లూధియానాల్లో చేసిన మన దేశపు సరుకే చాలు, విదేశీ సరుకు అక్కర్లేదు. కానీ పేరూ గుర్తూ లేని పోత సరుకు వద్దు. విడి దవడ, విడి గొలుసు దొరికే కంపెనీదే తీసుకోండి. పళ్ళు అరిగితే దవడ మారిస్తే చాలు, పానా మొత్తం కొననక్కర్లేదు. పదేళ్ళకు లెక్క వేస్తే ఇది చవక. ఏడాదికోసారి పారేసేది ఖరీదు.

అయిదోది, అన్నిటికంటే చవకైన ఉపాయం. కొత్త లైను వేసేటప్పుడు నాలుగంగుళాలు దాటిన చోట మర సాకెట్లు వద్దు, ఫ్లాంజీలు వేయించండి. అప్పుడు పెద్ద పానాయే అక్కర్లేదు. రెండు రింగు పానాలతో నట్లు విప్పితే అయిపోతుంది. లైను వేసేనాడు మిగిల్చిన డబ్బుకి వడ్డీ మన చేతులు కడుతున్నాయి.

మనలో మన తప్పు

అన్నీ సేటు మీదే వేస్తే నిజాయితీ కాదు. మనలోనూ తప్పుంది.

"పాత ఫిట్టర్‌ని, నాకు ఏ పానా అయినా ఒకటే" అనే గొప్ప మనలో చాలామందికి ఉంది. మేమూ ఆ మాట అన్నవాళ్ళమే. గొట్టం తొడిగి లాగినవాడిని మొనగాడన్నాం, తొడగనన్న కుర్రవాడిని పిరికివాడన్నాం. ఇది ఇక మానాలి.

పాత మోటారు సైకిల్ గొలుసుని కడ్డీకి వెల్డింగ్ చేసి గొలుసు పానా అంటున్నవాళ్ళున్నారు. తెలివిని మెచ్చుకుంటాం. కానీ వెల్డింగ్ ఎప్పుడు ఊడుతుందో చేసినవాడికే తెలియదు. అది ఆవిరి లైను మీద పనికిరాదు. వంగిన పిడిని కాల్చి సాగదీయడం కూడా ఇట్లాంటిదే.

ఇంకొకటి. తుప్పు పట్టిన మరకి ముందు రోజు రాత్రే నూనె పట్టించాలి, సాకెట్ చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాలి. వాల్వు మూసి, లోపలి ఆవిరీ నీళ్ళూ పూర్తిగా వదిలిన తర్వాతే పానా పెట్టాలి. పానాని ఎప్పుడూ మన వైపుకి లాగాలి, తోయకూడదు. దానికి వ్యవధి కావాలి. "అరగంటలో లైను నడవాలి" అని సూపర్‌వైజర్ అంటే, "కాదు, ఇంత టైము పడుతుంది" అని చెప్పే ధైర్యం మనకు కావాలి. ఒక్కడు చెబితే పోకిరీ అంటారు. ఖాతా అంతా చెబితే వింటారు.

"మనమంతా ఒకటే" అనే మాట

షోలాపూర్‌లో మన కష్టం ఇంకొకటి ఉంది. చాలా కార్ఖానాల్లో సేటూ తెలుగువాడే, పనివాడూ తెలుగువాడే. ఒకే కులం, ఒకే గుడి, పెళ్ళిళ్ళలో ఒకే పంక్తి. పానా అడగబోతే "ఏం మామా, మనలో మనకు ఇదేమిటి, మనమంతా ఒకటే కదా" అని భుజం మీద చెయ్యి వేస్తారు. మంచిదే. మనమంతా ఒకటే అయితే ఆ అరిగిన పానా పట్టుకుని ఒకరోజు సేటు కొడుకుని స్టూలు ఎక్కమనండి. అప్పుడు ఒప్పుకుంటాం.

చుట్టరికాన్ని మేము కాదనడం లేదు. చుట్టరికం పేరుతో చెయ్యి విరగ్గొట్టడాన్ని కాదంటున్నాం.

2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవళ్ళ కార్ఖానా మంటల్లో ఎనిమిది మంది చనిపోయారు. యజమానీ, పనివాళ్ళూ అందులో ఉన్నారు. ఆ మంటలకీ పానాలకీ సంబంధం ఉందని మేము అనడం లేదు. మంట సేటనీ పనివాడనీ చూడదని మాత్రం గుర్తు చేస్తున్నాం. మంటలు ఆర్పే లైను తుప్పు పట్టి బిగుసుకుపోతే దాన్ని విప్పి బాగుచేసే పానా షెడ్డులో ఉండాలా, వద్దా?

చట్టం సంగతి. మనిషికి దెబ్బ తగిలేంత బరువు ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో రాసి ఉంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి కోడ్ వచ్చింది. పేరు మారినా, పని చోట ప్రమాదం లేకుండా చూడవలసిన బాధ్యత యజమానిదే. ఆ కోడ్‌లోనూ అదే ఉంది.

మా డిమాండ్లు

1. నాలుగంగుళాలు, ఆపై పైపులున్న ప్రతి కార్ఖానాలో ప్రమాణం గుర్తున్న గొలుసు పానాలు రెండు ఉండాలి. ఒకటి పట్టడానికి, ఒకటి తిప్పడానికి.

2. పానా ఎంపిక ఫిట్టర్లది. కొనేది సేటు, చూసి ఒప్పుకునేది పనివాడు.

3. నెలకొకసారి పానాలన్నీ చూడాలి. పళ్ళు అరిగినవి, పిడి వంగినవి ఎర్ర రంగు పూసి పక్కన పెట్టాలి. మళ్ళీ స్టోర్‌లోకి రాకూడదు.

4. పిడికి గొట్టం తొడగమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వకూడదు. తొడగనన్నవాడి మీద చర్య ఉండకూడదు.

5. ఒక్కరుగా కొనలేని చిన్న కార్ఖానాలు నాలుగైదు కలిసి ఒక పానాల పెట్టె పెట్టుకోవాలి. దానికి బిళ్ళ పద్ధతి నడిపే బాధ్యత మన యూనియన్ తీసుకుంటుంది.

6. మణికట్టు విరిగిన మన హెల్పర్‌కి నష్టపరిహారం ఇవ్వాలి, రిజిస్టర్‌లో రాసిన ఆ రెండు మాటలు కొట్టివెయ్యాలి.

ఇందులో సేటు కొంప ముంచే కోరిక ఒక్కటైనా ఉందా? రెండు గొలుసు పానాల ఖర్చుకే వెనకాడేవాడికి విరిగిన చేతి మీద వచ్చే ఖర్చు గుర్తు రాదు. ఎందుకంటే ఆ ఖర్చు మన ఇంట్లో పడుతుంది.

వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసులో సమావేశం ఉంది. మీ కార్ఖానాలో ఉన్న పానాల లెక్క రాసి తీసుకురండి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని అరిగాయి, పెద్ద పైపు ఎంత. అరిగిన పానా ఉంటే అదీ తీసుకురండి. వాటిని బల్ల మీద వరుసగా పెట్టి సేట్లను పిలుద్దాం. ఏది చవకో, ఎవరికి చవకో వాళ్ళే చెబుతారు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి