లంగరుకు మజ్‌హబ్ లేదు



2025 సెప్టెంబర్ 6, శనివారం. మీలాద్ మర్నాడు. జిద్దాలో పనిచేసే మా భాంజా ప్రతి శనివారం జొహర్ నమాజ్ తర్వాత వాళ్లమ్మకు, అంటే మా ఆపాకు, వీడియో కాల్ చేస్తాడు. ఆ రోజు కాల్ కలిసింది గానీ స్క్రీన్ మీద పిల్లాడి మొహం కదల్లేదు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించి వాడు ఊరుకున్నాడు.

సాయంత్రానికల్లా మా ఖాందాన్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ దిగింది. ఎర్ర సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్లను దుష్మన్లు కోసేశారట. ఇది ముసల్మాన్ ముల్కుల మీద సాజిష్ అట. రేపటి నుంచి గల్ఫ్‌తో మాటా పైసా రెండూ బంద్ అట. మగ్రిబ్ అయ్యీ కాగానే ఆపా నుంచి ఫోన్. "క్యా రే, పిల్లాడు ఖైరియత్‌గా ఉన్నాడా? అక్కడ జంగ్ మొదలైందా?" ఆమె గొంతు వణుకుతోంది.

అదే రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దీనికి పూరా ఉల్టా ఫార్వర్డ్ వచ్చింది. కేబుళ్లు కోసింది హూతీలట, ఇది ఇంటర్నెట్ మీద జిహాద్ అట. రెండు గ్రూపులూ ఒకే కేబుల్ గురించి మాట్లాడుతున్నాయి. రెండింటికీ ముజ్రిమ్ ఎవరో తెలిసిపోయింది. రెండింటి దగ్గరా సుబూత్ మాత్రం లేదు.

ఆ పూటకి ఖచ్చితంగా తెలిసింది చాలా కొంచెం. జిద్దా దగ్గర ఎస్ఎండబ్ల్యూ-4, ఐఎంఈడబ్ల్యూఈ అనే రెండు కేబుళ్లు దెబ్బతిన్నాయి. రెండూ మన ముంబయి తీరానికి వచ్చేవే, మొదటిది చెన్నైకి కూడా వస్తుంది. ఇండియా, పాకిస్తాన్, యూఏఈలో నెట్ నెమ్మదించింది. మధ్యప్రాచ్యం మీదుగా వెళ్లే తన క్లౌడ్ ట్రాఫిక్ ఆలస్యమవుతుందని మైక్రోసాఫ్ట్ కంపెనీ ప్రకటించింది. ఎందుకు తెగాయో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. కొన్ని రోజులకు, ఏదో వాణిజ్య ఓడ ఈడ్చుకుపోయిన లంగరు వల్లే అయి ఉండొచ్చని అంతర్జాతీయ కేబుల్ రక్షణ కమిటీ చెప్పింది. ఆ ఖబర్ మా ఖాందాన్ గ్రూపుకీ రాలేదు, అపార్ట్‌మెంట్ గ్రూపుకీ రాలేదు.

మీ మీద ఇల్జామ్ వేసే ముందు నా గునాహ్ ఒప్పుకోవాలి.

2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగాయి. రెండు రోజులకు దుబాయ్ దగ్గర ఫాల్కన్ అనే ఇంకో కేబుల్. ఆ వెంటనే ఖతర్ దగ్గర మరొకటి. మన దేశంలో సగానికి పైగా బ్యాండ్‌విడ్త్ పోయిందని ఇంటర్నెట్ కంపెనీల సంఘం చెప్పింది. నేనప్పుడు ఒక పత్రికలో రాత్రి డెస్కు మీద సబ్ ఎడిటర్‌ని. వారంలో నాలుగు కేబుళ్లు, నాలుగూ మన ఇలాఖా వైపే. ఇరాన్ ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయిందని విదేశీ సైట్లలో రాస్తున్నారు. నేను హెడ్డింగ్ పెట్టాను: "సముద్రగర్భంలో కుట్ర?" చివర ఒక ప్రశ్నార్థకం. ఆ గుర్తు ఉంటే మన జిమ్మేదారీ తీరిపోయిందని మా వృత్తిలో ఒక నమ్మకం.

తర్వాత ఏమైంది? ఇరాన్ ఇంటర్నెట్ ఆగిపోలేదని తేలింది. ఫాల్కన్ కేబుల్ తెగిన చోట ఐదారు టన్నుల లంగరు ఒకటి సముద్రం అడుగున దొరికింది. అలెగ్జాండ్రియా సంగతి మాత్రం ముడి విడలేదు. కేబుల్ తెగడానికి ముందు పన్నెండు గంటలు, తర్వాత పన్నెండు గంటలు ఆ చోటుకి ఏ ఓడా రాలేదని మిస్ర్ ప్రభుత్వమే చెప్పింది. అంటే ఒకదానికి జవాబు దొరికింది, ఒకదానికి దొరకలేదు. నేను రెండింటినీ ఒకే హెడ్డింగ్ కింద కట్టేశాను. లంగరు దొరికిన వార్తను లోపలి పేజీలో కూడా వేయలేదు. ఆ రోజు నా హెడ్డింగ్ చదివిన వాళ్లలో ఎంతమంది ఇప్పటికీ దాన్నే నిజమనుకుంటున్నారో అల్లాహ్‌కే తెలుసు.

భాయియో, బెహనో, కేబుల్ అంటే ఏమిటో ఒక్కసారి చూడండి. మన పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే పైపంత మందం, లోతు సముద్రంలో ఇంకా సన్నం. దాని లోపల వెంట్రుకంత గాజు పోగులు. ఖండాల మధ్య నడిచే డేటా దాదాపు అంతా వీటిలోనే పోతుంది, సాటిలైట్ వాటా చాలా తక్కువ. ప్రపంచం మొత్తం మీద ఇవి ఏడాదికి 150 నుంచి 200 సార్లు దెబ్బతింటాయి. అంటే వారానికి మూడు నాలుగు. వీటిలో నూటికి 70, 80 దాకా చేపల వలల వల్ల, ఓడల లంగర్ల వల్ల జరిగేవే. భూకంపాలు, సముద్రం అడుగున మట్టి జారడం, కేబుల్ పాతబడటం మిగతా కారణాలు. మనకు ఆ వారానికి మూడు నాలుగు కనబడవు, ఎందుకంటే ట్రాఫిక్ వేరే దారిన మళ్లిపోతుంది. మన ఫోన్ ఆగినప్పుడే మనకు ఖబర్, ఆ ఖబర్ ఎప్పుడూ ఒకే రంగులో వస్తుంది.

అయితే సాజిష్ అన్నది లేనే లేదా? ఉంది. అది అనేవాళ్లందరినీ బేవఖూఫ్‌లు అని కొట్టిపారేసే పెద్దమనుషులతోనూ నాకు తకరారే. 1914 ఆగస్టులో జర్మనీ మీద జంగ్ ప్రకటించిన గంటల్లోనే బ్రిటన్ ఓడ వెళ్లి జర్మన్ టెలిగ్రాఫ్ కేబుళ్లను తెంపింది. బ్రిటన్ గూఢచారి సంస్థ సముద్రపు కేబుళ్ల నుంచే ప్రపంచం మాటలు వింటోందని 2013లో స్నోడెన్ కాగితాలు బయటపెట్టాయి. అదే ఏడాది మార్చిలో అలెగ్జాండ్రియా తీరంలో కేబుల్ కోస్తూ ముగ్గురు గజఈతగాళ్లు దొరికారని మిస్ర్ నావికాదళం ప్రకటించింది. షక్ రావడం తప్పు కాదు. కానీ ఈ మూడింటినీ మనం నమ్ముతున్నది ఎందుకు? మొదటిదానికి చరిత్ర రికార్డు ఉంది. రెండోదానికి కాగితాలు ఉన్నాయి. మూడోదానిలో మనుషులు దొరికారు. మా ఖాందాన్ గ్రూపు ఫార్వర్డ్‌కి ఏముంది? "అందరికీ పంపండి" అన్న చివరి లైను ఉంది.

సూరహ్ హుజురాత్ మన పిల్లలకు మదరసాలో చెప్పేదే. ఖబర్ వస్తే తహ్‌కీఖ్ చేసుకోమని, గుమాన్ నుంచి దూరంగా ఉండమని అందులో హుకుమ్ ఉంది. పక్కింటి అమ్మాయి గురించి గుమాన్ చేస్తే గునాహ్ అంటాం. పది దేశాల గురించి, ఒక ఖౌమ్ మొత్తం గురించి చేస్తే అది ఇల్మ్ అయిపోతుందా? మన మీద రోజూ ఇల్జామ్‌లు వేసే వాళ్ల నుంచి సుబూత్ అడుగుతాం, అడగాలి కూడా. అదే తరాజూ మన చేతిలో ఉన్నప్పుడు ముల్లు ఎందుకు వంగుతుంది?

ఇప్పుడు కష్టమైన మిసాల్ ఒకటి. 2024 ఫిబ్రవరి 18న రూబీమార్ అనే సరుకు ఓడను హూతీల మిసైల్ కొట్టింది. సిబ్బంది లంగరు వేసి ఓడను వదిలి వెళ్లారు. ఆ ఓడ రోజుల తరబడి కొట్టుకుపోయి మార్చి 2న మునిగింది. ఆ మధ్యలోనే ఎర్ర సముద్రంలో మూడు కేబుళ్లు తెగాయి. కొట్టుకుపోతున్న ఓడ ఈడ్చిన లంగరే కారణమై ఉండొచ్చని అమెరికా అధికారులూ కేబుల్ రంగం వాళ్లూ అన్నారు. కేబుళ్ల జోలికి మేం పోలేదని హూతీలు అన్నారు. ఇందులో "జిహాదీలు కేబుల్ కోశారు" అనే మాటకు సుబూత్ లేదు. "మనవాళ్లకు ఏ సంబంధమూ లేదు" అన్నదీ చెల్లదు. మిసైల్ తగలకపోతే ఆ ఓడ దిక్కులేకుండా కొట్టుకుపోయేది కాదు. గజ్జాలో బాంబులు పడుతుంటే మన గుండె మండింది, ఇంకా మండుతోంది. గుండె మండినంత మాత్రాన లెక్క మారదు. జంగ్ ఎవరిదైనా, లంగరు ఎవరి కేబుల్ అని చూసి తెంపదు. లంగరుకు మజ్‌హబ్ లేదు.

ఇక అసలు ముఖద్దమా. ఎవరు కోశారు, ఎవరు కోశారు అని మనం తన్నుకుంటుంటే, జవాబు చెప్పాల్సిన వాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. దుష్మన్ పేరు దొరికాక మనం ఇంకేమీ అడగం. వాళ్లకు కావలసింది అదే.

అడగాల్సిన మొదటి సవాల్: ఇన్ని కేబుళ్లు ఒకే గల్లీలో ఎందుకు? బాబ్ అల్ మందబ్, కన్నీళ్ల దర్వాజా అని అరబ్బులు పేరు పెట్టిన జలసంధి, ఇరుకైన చోట ముప్ఫై కిలోమీటర్లు కూడా ఉండదు. దాని గుండా 15 దాకా కేబుళ్లు వెళ్తాయి. మన వైపు కూడా ఇదే కథ, దేశానికి వచ్చే కేబుళ్లలో ఎక్కువ భాగం ముంబయిలో ఒక చిన్న తీరం ముక్క మీదే ఎక్కుతాయి. ఎవరూ సాజిష్ చేయనక్కర్లేదు, ఒక తాగుబోతు కప్తాన్ చాలు.

రెండో సవాల్: తెగితే కట్టేదెవరు? మరమ్మతు ఓడ రావాలి, కొక్కెం వేసి రెండు కొసలూ పైకి లాగాలి, గాజు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఆ పనికి మన జెండా ఉన్న ఓడ ఒక్కటీ లేదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 జూన్‌లో సర్కారుకు రాసింది. పరాయి ఓడ రావాలి, దానికి ఇజాజత్‌లు కావాలి, ఆ కాగితాలు కదలాలి. 2024లో ఎర్ర సముద్రంలో తెగిన కేబుల్ ఒకటి బాగవడానికి నెలలు పట్టింది, యెమెన్‌లో రెండు హుకూమత్‌లు ఉండి ఇజాజత్ ఎవరివ్వాలో తేలకపోవడం అందులో ఒక కారణం.

మూడోది: తెంపినవాడిని అడిగేదెవరు? కేబుళ్లను కావాలని గానీ గఫ్లత్‌తో గానీ తెంపడం జుర్మ్ అని 1884లోనే పారిస్‌లో ఒప్పందం రాసుకున్నారు. 2024 క్రిస్మస్ రోజున బాల్టిక్ సముద్రంలో ఈగిల్ ఎస్ అనే ఓడ లంగరును కిలోమీటర్ల కొద్దీ ఈడ్చి ఒక కరెంటు కేబుల్‌ను, నాలుగు టెలికాం కేబుళ్లను తెంపింది. ఫిన్లాండ్ ఆ ఓడను పట్టుకుంది, అధికారుల మీద కేసు పెట్టింది. 2025 అక్టోబర్‌లో హెల్సింకీ అదాలత్, ఈ కేసు వినే అధికారం మాకు లేదని కొట్టేసింది. ఓడ దొరికింది, లంగరు దొరికింది, ఇన్సాఫ్ దొరకలేదు. కానూన్‌లోని ఈ సందును పూడ్చమని ఏ ఫార్వర్డూ అడగదు.

నాలుగోది: రిపోర్ట్ ఎక్కడ? విమానం కూలితే దర్యాప్తు నివేదిక జనం ముందుకు వస్తుంది. కేబుల్ తెగితే "సాంకేతిక కారణాల వల్ల అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక మెసేజ్ వస్తుంది, ఆ నెల బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది. కంపెనీలు మూసి ఉంచిన గదిలోనే గుమాన్ పుడుతుంది. వాళ్ల ఖామోషీ, మన ఫార్వర్డ్ రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి.

ఇది దూరపు సంగతి అనుకోకండి. విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్లతో పెట్టే ఏఐ కేంద్రంతో పాటు సముద్రపు కేబుళ్ల గేట్‌వే కూడా తెస్తామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. రేపు ఆ తీరంలో ఒక కేబుల్ తెగితే మొదటి ఇల్జామ్ ఎవరి మీద పడుతుందో ఊహించుకోండి. వల వేసుకుని బతికే మత్స్యకారుడి మీద పడుతుంది. అతని పేరు మనలాంటిదైతే రాత్రికి రాత్రి హెడ్డింగ్ మారిపోతుంది. చివర ప్రశ్నార్థకం కూడా పెడతారు. కాబట్టి కేబుల్ దారి ఎక్కడో వలలు వేసేవాళ్లకు ముందే చెప్పాలని, తెగినప్పుడు కారణం బయటపెట్టాలని, మరమ్మతు ఓడ మన దగ్గరే ఉండాలని ఇప్పుడే అడగాలి. సుబూత్ లేకుండా ఇంకొకరిని ముజ్రిమ్ చేసే అలవాటు మనకే ఉంటే, ఆ రోజు మన తరఫున సుబూత్ అడిగే ముఖం మనకెక్కడిది?

ఆపాకు ఆ రాత్రి నేను చెప్పింది ఇంతే: "జంగ్ కాదు ఆపా, కేబుల్ తెగింది. ఎవరు తెంపారో ఇంకా తెలీదు. పిల్లాడు మంచిగా ఉన్నాడు, నేను మామూలు కాల్‌లో మాట్లాడాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. తర్వాత అడిగింది, "మరి గ్రూపులో పెట్టినవాడు ఎందుకంత పక్కాగా రాశాడు?" నా దగ్గర జవాబు ఉంది, చెప్పడానికి సిగ్గేసింది. పదిహేడేళ్ల కింద నేను ఎందుకు రాశానో, వాడూ అందుకే రాశాడు.

ఈసారి కేబుల్ తెగినప్పుడు "తెలీదు" అని గ్రూపులో రాసే మొదటి మనిషి మీరు అవ్వండి. ఆ తర్వాత సర్కారును, కంపెనీని అడగండి.

ఖుదా హాఫిజ్.