భాష రాని కాపలాదారు

ఏ భాషవారి నుండి ప్రకటనల రాబడి గడిస్తున్నదో, ఆ భాషలో పుట్టే విద్వేషాన్ని గుర్తించే బాధ్యత కూడా సామాజిక మాధ్యమ సంస్థదే. ఈ సంగతి మన చర్చలలో మరుగున పడుతున్నది.

మయన్మారు సంగతే చూడండి. 2017 ఆగస్టు తర్వాత సైనిక దాడులకు తాళలేక 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు వలసపోయారు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఫేస్‌బుక్‌లో వారిపై ద్వేషప్రచారం సాగింది. 2015 ఆరంభంలో ఆ సంస్థ తరఫున బర్మీ రాతలను పరిశీలించగలవారు ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ 2018లో వెల్లడించింది. కనిపించినవారినల్లా చంపమన్న రాతను దాని అనువాద యంత్రం ఇంద్రధనుస్సును గురించిన వాక్యంగా ఆంగ్లంలోకి మార్చినదట! హింసను ప్రేరేపించకుండా తమ వేదికను తగినంతగా కాపాడలేదని 2018 నవంబరులో ఆ సంస్థే ఒప్పుకున్నది.

ఒక రాతను లక్షలమంది ముందుకు నెట్టే అల్గారిథమ్‌కు ఆ భాష పెద్దగా తెలియనక్కరలేదు. ఎందరు పంచుకున్నారు, ఎంతసేపు చూశారు అన్న లెక్క చాలు. ఆపవలసినవారికి మాత్రం భాష, యాస, ఊరి పాత తగాదా కూడా తెలియాలి.

తెలుగు చిన్న భాష కాదు, నిజమే. కాని హోసూరు, కోలారు, రాయగడ ఇళ్లలోని తెలుగు హైదరాబాదు పత్రికల తెలుగు కాదు. అందులో ఏది తిట్టో, ఏది వేళాకోళమో విజయవాడవారికే వెంటనే అందదు.

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షను ఈ సంస్థలకు రక్షణ కల్పిస్తున్నది. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ ప్రకటనో అందితేనే తొలగించాలని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దానికి అర్థం చెప్పింది. దానిని సడలించమని నేను కోరను. తొలగించే అధికారం పాలకులకు పెంచితే మొదట మూగబోయేది అల్పసంఖ్యాకుల గొంతే. నేను కోరేది, ఆ రక్షణ పొందే సంస్థ ఏ భాషలో ఎందరు పరిశీలకులను నియమించిందో ఏటా ప్రకటించాలని. వాడకపు షరతులను ఎనిమిదవ షెడ్యూలు భాషలలో ఇవ్వాలని 2022 సవరణ చెప్పింది. ఫిర్యాదు వినడానికి కూడా ఆ సూత్రమే వర్తించాలి.

ఫిర్యాదు తెలుగులోనే రాయండి. సంస్థ నిర్ణయం నచ్చకపోతే 30 రోజులలో కేంద్రం నెలకొల్పిన అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. అది ప్రభుత్వం నియమించినది కనుక 350వ అధికరణం ప్రకారం మన భాషలో విన్నపం స్వీకరించి తీరాలని నా వాదన. తిరస్కరిస్తే ఆ కాగితాల ప్రతులను భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయానికి పంపండి.