అష్టాచెమ్మ జూదమా?

చాలా దినాల తరువాత కోపంతో వ్రాస్తున్న టపా ఇది. అందులో సగం కోపం నా మీదనే.

పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ రహదారికి చేరువలో ఉన్న మా అపార్ట్‌మెంటు సెల్లారులో రెండు స్తంభాల నడుమ గచ్చు మీద సుద్దతో గీసిన 25 గళ్ళ పటం ఒకటి ఉండేది. అరవై దాటిన ముగ్గురు స్త్రీలు, ఆరేడేండ్ల పిల్లలు ఇద్దరు, సాయంకాలం ఎండ తగ్గగానే దాని చుట్టూ చేరేవారు. నాలుగు గవ్వలు, తలా నాలుగు కాయలు. కాయలంటే చింతగింజలు, గాజుముక్కలు, సీసామూతలు. ఏది దొరికితే అది.

ఒకనాడు అసోసియేషన్ వారు ఒక కాగితం తెచ్చి, "సారూ, మీరు తెలుగు పండితులు గదా, ఒక్కసారి తప్పులు చూడండి" అన్నారు. నిలుచున్న చోటనే ఎర్రసిరా కలం తీసి 'నిషేదము' అన్నదానిని 'నిషేధము' చేశాను. ఒక దీర్ఘం సరిచేశాను. కాగితం తిరిగి ఇచ్చాను. మరునాడు లిఫ్టు పక్కన అతికించిన తరువాత గాని దానిలో ఏమున్నదో చదవలేదు. 'సెల్లారులో జూదపు ఆటలు నిషేధము. పిల్లలకు చెడు అలవాటు కాగలదు.' పటాన్ని అప్పటికే నీళ్ళతో కడిగేశారు. ముప్పయి ఏండ్లు పిల్లల చేత అర్థతాత్పర్యాలు చెప్పించిన వాడికి ఒత్తు కనబడింది, అర్థం కనబడలేదు!

సరే, ఇప్పుడైనా అర్థం చూద్దాం. జూదం అన్నది ద్యూతానికి తద్భవం. సభాపర్వం పాఠం చెప్పేటప్పుడు ఏ తరగతిలోనైనా ఒక పిల్లవాడు లేచి, "తప్పు పాచికలదా సార్?" అని అడుగుతాడు. కాదు నాయనా, ఒడ్డిన పణానిది. రాజ్యం, తమ్ములు, తాను, చివరకు భార్య, ఇవి ఒడ్డకుండా ఉండి ఉంటే ధర్మరాజు ఓటమి ఒక సాయంకాలపు ముచ్చటగా ముగిసేది. చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1974 నాటి గేమింగ్ చట్టం, డబ్బు గాని మరొక బహుమానం గాని గెలుచుకోవడానికి ఆడేదానినే ప్రధానంగా దృష్టిలో ఉంచుకొన్నది. 2017లో దానిని సవరించి అంతర్జాలంలో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా చేర్చారు. గాజుముక్క గెలిచి గాజుముక్కనే ఇంటికి తీసుకుపోయే ఆట ఇందులో ఎక్కడ ఇముడుతుంది?

ఇంకొక వింత చూడండి. ఆ నోటీసు అతికించిన లిఫ్టులోనే పిల్లలు ఫోనులో లూడో ఆడుతూ ఎక్కుతారు, దిగుతారు. ఎవరికీ అభ్యంతరం లేదు. లూడో అంటే మన పచ్చీసు ఇంగ్లండు పోయి పేటెంటు పుచ్చుకొని తిరిగి వచ్చినదే. అచ్చువేసిన అట్ట మీదనో అద్దం మీదనో ఆడితే వినోదం, గచ్చు మీద సుద్దతో గీస్తే జూదం! అసలు అభ్యంతరం జూదానికి కాదని నా అనుమానం. ఆ స్త్రీలు కొంగు బిగించి నేల మీద కూర్చుని, గవ్వ పడగానే గట్టిగా అరవడం కొందరికి 'పల్లెటూరి వాలకం'గా తోచింది. ఆ మాట పైకి అనలేక ధర్మశాస్త్రాన్ని అడ్డం పెట్టారు.

ఇక మన పక్షం వారితో కూడా నాకు తగవున్నది. నేను ఈ సంగతి చెప్పగానే ఒక యువమిత్రుడు, "మాస్టారూ, అష్టాచెమ్మతో గణితం వస్తుందని, మెదడు చురుకవుతుందని వ్రాసి ఇవ్వండి, ఒప్పుకుంటారు" అన్నాడు. గణితం లేదని కాదు. నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. నాలుగూ వెల్లకిల పడి చెమ్మ అయ్యేది ఒక్క తీరు, నాలుగూ బోర్లపడి అష్ట అయ్యేది ఒక్క తీరు, రెండు పడే తీరులు ఆరు. అది కూడా గవ్వ రెండు వైపులా సమంగా పడితేనే. నిజమైన గవ్వ అలా పడదు. అందుకే మా సెల్లారులోని పెద్దావిడ తన గవ్వలు తానే తెచ్చుకొనేది, ఇతరుల గవ్వలు ముట్టేది కాదు. అయినా, ఆటకు ట్యూషను వేషం వేస్తే తప్ప గచ్చు మీద చోటివ్వమంటే ఆ చోటు నాకు అక్కరలేదు.

నా వాదం వేరు. నిందలో 'అదృష్టం మీద ఆధారపడే ఆట' అన్నారే, ఆ అదృష్టమే దీని గుణం. మా మనుమరాలితో చదరంగం ఆడితే నేను కావాలని ఓడిపోవాలి. ఓడిపోయాను కూడా. "తాతయ్యా, నువ్వు ఉత్తుత్తిగా ఓడిపోయావు" అని బల్లమీది బలగాన్నంతా తోసేసింది. ఆరేండ్ల పిల్ల ఆమాత్రం కనిపెట్టలేదా? అష్టాచెమ్మలో ఆ నటన అవసరం లేదు. నా కాయ లోపలి వరుసలో ఎనిమిది గళ్ళూ తిరిగి, పండడానికి ఒక్క గడి దూరంలో ఉండగా, అది రెండు వేసి కొట్టింది. నిజంగా కొట్టింది. నాకు నిజంగా బాధ కలిగింది. ఆ బాధ నా ముఖంలో చూసి అది ఎంత సంతోషించిందని! ఇంట్లో పెద్దవాళ్ళను పిల్లలు నిజాయితీగా ఓడించగల చోట్లు ఎన్ని ఉన్నాయి?

ఓడిన పిల్ల ఏడవదా అంటారు. ఏడుస్తుంది. రెండో పటానికి మళ్ళీ కూర్చుంటుంది.

ఆ ముగ్గురిలో పెద్దావిడ ఇప్పుడు కిందికి దిగడం లేదు. నోటీసు భాష దిద్దినది నేనేనని ఆవిడకు తెలుసునో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నిన్న అసోసియేషన్ వారికి ఒక పుట లేఖ ఇచ్చాను, అందులో గణితం ఊసు లేదు. ఆదివారం సమావేశంలో చదువుతామన్నారు. చదవకపోతే నేనే లేచి చదువుతాను.

అన్నట్టు, మా వైపు ప్రత్యర్థి కాయను ఒక్కటైనా కొట్టనిదే లోపలి వరుసలోకి పోనివ్వరు. మీ ఊళ్ళలో ఎలాగో వ్యాఖ్యలో తెలుపగలరు.